కొత్తగా గైడ్ అయ్యారా? స్కాలర్ భారం మీరొక్కరే మోయకండి

పీహెచ్‌డీ స్కాలర్లకు గైడ్‌గా ఉండొచ్చని యూనివర్సిటీ ఇచ్చే గైడ్‌షిప్ ఆర్డర్ వచ్చిన రోజు డిపార్ట్‌మెంట్‌లో స్వీట్లు పంచుతారు. మర్నాటి నుంచి ఫోన్లు మొదలవుతాయి. "మా తోడల్లుడి కొడుకండీ, మంచి కుర్రాడు, మీ దగ్గర సీట్లు ఖాళీగానే ఉన్నాయట కదా" అని. ఉన్నాయి. 2022 యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి నలుగురు, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర ఆరుగురు, ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది పీహెచ్‌డీ స్కాలర్లు ఉండొచ్చు. ఉండొచ్చు అన్నారు కానీ ఉండి తీరాలనలేదు. మొదటి ఏడాది ఒక్కరిని తీసుకోండి, మహా అయితే ఇద్దరిని. నలుగురినీ ఒకే నోటిఫికేషన్‌లో తీసుకుంటే, నాలుగో ఏడాది వచ్చేసరికి నలుగురూ ఒకే నెలలో చాప్టర్లు పట్టుకుని మీ గది ముందు నిలబడతారు.

నేను ఎకనామిక్స్ చెబుతాను. డెల్టా జిల్లాల్లో కౌలు, ఊళ్లలో అప్పులు నా పని. గైడ్‌గా, కో-గైడ్‌గా, వేరేవాళ్ల స్కాలర్ల కమిటీల్లో సభ్యురాలిగా చాలా ఏళ్లుగా కూర్చుంటున్నాను. నేను చూసినంతలో పీహెచ్‌డీలు ఎక్కువగా ఆగిపోయేది స్కాలర్ తట్టడానికి ఒకే ఒక్క తలుపు ఉన్నచోట. ఆ తలుపు వెనక మనిషి వాల్యుయేషన్‌కి వెళితే పని ఆగుతుంది, కాలేజీలకు గ్రేడ్లిచ్చే నాక్ కమిటీ పనిలో పడితే ఆగుతుంది, అలిగితే మరీ ఆగుతుంది. అందుకే కొత్త గైడ్‌లకు నేను చెప్పేదంతా ఒక్క విషయం గురించే: మీకు ఇచ్చిన కమిటీని నిజంగా పనిచేయించడం ఎలా అని.

కమిటీలో ఎవరు ఉండాలి

ప్రతి స్కాలర్‌కీ ఒక రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ, లేదా దానికి సమానమైనదేదో ఉండాలని నిబంధన. గైడ్ దానికి కన్వీనర్. కొన్ని యూనివర్సిటీల్లో డాక్టోరల్ కమిటీ అంటారు. ఏ పేరుతో పిలిచినా చేయాల్సినవి ఇవి: రీసెర్చ్ ప్రపోజల్ చూసి టాపిక్ ఖరారు చేయడం, ఏ పద్ధతిలో చదవాలో దారి చూపడం, అందుకు ఏ కోర్సులు చేయాలో చెప్పడం, ఆపైన ఎప్పటికప్పుడు పని ఎంతవరకు వచ్చిందో చూసి సాయపడటం. ఎంతమంది సభ్యులు, ఎవరు నియమిస్తారు అన్నది మీ యూనివర్సిటీ ఆర్డినెన్స్‌లో ఉంటుంది. అది దొరక్కపోతే రీసెర్చ్ సెక్షన్ సూపరింటెండెంట్ గారిని అడగండి. డీన్ కన్నా ఆయనకే బాగా తెలుసు.

సభ్యుల పేర్లు సూచించే అవకాశం మీకు వస్తే, చాలామంది చేసే పని చేయకండి. ఎదురు ప్రశ్న వేయని స్నేహితుల్ని, "ఎక్కడ సంతకం పెట్టమంటారు?" అని అడిగే పెద్దమనుషుల్ని వేసుకుంటే మీటింగ్ పది నిమిషాల్లో అయిపోతుంది, టీ కూడా చల్లారదు. స్కాలర్‌కి మాత్రం ఏమీ మిగలదు. మీకు చేతకానిది ఎవరికి చేతవునో వాళ్లను వేసుకోండి. నాకు ఊళ్లు తెలుసు, రైతులతో మాట్లాడటం తెలుసు. శాంప్లింగ్ (ఎవరెవరిని అడగాలో ఎంచుకోవడం), రిగ్రెషన్ల (ఏది దేనితో ఎంత ముడిపడి ఉందో తీసే లెక్కలు) దగ్గరికొచ్చేసరికి నాకన్నా స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్ వాళ్లు మెరుగు. కాబట్టి నా స్కాలర్ల కమిటీలో అక్కడి నుంచి ఒకరు ఉంటారు. రెండో వ్యక్తి విషయం తెలిసినవాళ్లు, వీలైతే నాతో ఏకీభవించనివాళ్లు. మీ స్కాలర్ వాదనలో బొక్క ఎక్కడుందో చివర్లో జరిగే మౌఖిక పరీక్ష వైవాలో ఎగ్జామినర్ చెప్పేదానికన్నా రెండో సెమిస్టర్‌లో పక్క గది కొలీగ్ చెప్పడం వెయ్యి రెట్లు నయం.

కో-గైడ్ వేరు, కమిటీ సభ్యులు వేరు. పనిలో సగం నిజంగా ఇంకో శాస్త్రానిదైతేనే కో-గైడ్‌ని అడగండి. అదే డిపార్ట్‌మెంట్ నుంచైనా, వేరే డిపార్ట్‌మెంట్ నుంచైనా, వేరే సంస్థ నుంచైనా అనుమతితో తీసుకోవచ్చు. అడిగేటప్పుడే పని పంచుకోండి: ఏ చాప్టర్లు ఎవరు చదువుతారు, ఇద్దరి మాట రెండు రకాలుగా ఉంటే ఎవరి మాట చెల్లుతుంది. ఇది ముందే తేల్చకపోతే స్కాలర్ ఇద్దరి మధ్యా నలిగిపోతాడు. పొద్దున ఒకరు కొట్టేసిన పేరాని సాయంత్రం ఇంకొకరు మళ్లీ పెట్టించడం నేను కళ్లారా చూశాను.

మొదటి నెలలో ఒక కాగితం

స్కాలర్ చేరిన మొదటి నెలలోనే ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక పేజీ రాయించండి. ముద్రించిన ఫారం ఏదీ అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. ఎన్ని రోజులకోసారి కలుస్తాం. డ్రాఫ్ట్ ఇస్తే నేను ఎన్ని రోజుల్లో తిరిగిస్తాను (నేను రెండు వారాలు రాస్తాను, చాప్టర్ పెద్దదైతే మూడు). వాట్సాప్‌లో ఏం అడగొచ్చు, ఏది మెయిల్‌లోనే పంపాలి. పేపర్ వేస్తే రచయితల పేర్లు ఏ వరసలో ఉంటాయి. నేను ఊళ్లో లేనప్పుడు కమిటీలో ఎవరి దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు. ఈ చివరిది మరిచిపోవద్దు. "మీ గైడ్‌ని అడిగి రా" అని సభ్యులు పిల్లల్ని తిప్పి పంపేది మర్యాద కోసం. ఆ మర్యాద అక్కర్లేదని మీరే వాళ్ల ముందు, స్కాలర్ వింటుండగా చెప్పాలి. చెబితే తప్ప మన దగ్గర ఎవరూ ఇంకొకరి స్కాలర్‌తో మనసు విప్పి మాట్లాడరు.

ఆ కాగితంలో రాయనివి కూడా కొన్ని ఉంటాయి. గైడ్ గారి కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, స్టేషన్‌కి కారు, అమ్మాయి పెళ్లిలో భోజనాల పర్యవేక్షణ. నాతోటివాళ్లు నొచ్చుకున్నా సరే, ఇవి స్కాలర్ పనులు కావు. వారానికి 4 నుంచి 6 గంటల వరకు ట్యుటోరియల్సో, ల్యాబో, మూల్యాంకనమో అప్పగించవచ్చని నిబంధన చెబుతుంది. అది వాళ్లు రేపు పాఠం చెప్పడానికి పనికొచ్చే శిక్షణ. అంతకుమించి మీ క్లాసులన్నీ వాళ్ల చేత లాగించకండి.

కోర్స్‌వర్క్, అంటే స్కాలర్ మొదట్లో చదివి పాసవ్వాల్సిన కోర్సుల సంగతి త్వరగా చెబుతాను. కనీసం 12 క్రెడిట్లు. రీసెర్చ్ మెథడాలజీ, రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ తప్పనిసరి. 55 శాతం మార్కులు రావాలి. యూజీసీ గుర్తించిన ఆన్‌లైన్ కోర్సుల్ని కూడా కమిటీ సూచించవచ్చు, కాబట్టి స్వయం పోర్టల్‌లో వెతికించండి. అందరికీ ఒకే కోర్సుల చీటీ ఇవ్వకుండా, ఈ మనిషి ఈ టాపిక్‌కి ఏది నేర్చుకోవాలో కమిటీ కూర్చుని చూస్తే చాలు.

"సమస్యలు – ఒక అధ్యయనం" అనే టాపిక్‌ని ఏం చేయాలి

కమిటీ అసలు విలువ తెలిసేది ఇక్కడే. అందుకే దీన్ని కాస్త వివరంగా చెబుతాను.

మన దగ్గర ప్రపోజల్స్ సగం "ఫలానా జిల్లాలో ఫలానా వారి సమస్యలు – ఒక అధ్యయనం" అనే వస్తాయి. నా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి ప్రపోజల్ "ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతుల సమస్యలు". వాళ్ల నాన్న కౌలు రైతే. బాధ తెలుసు, ఊరు తెలుసు. మొదటి పేజీలోనే జాతీయ సర్వే అంకెలు పెట్టింది: 2019లో చేసిన 77వ రౌండ్ ఎన్ఎస్ఎస్ (జాతీయ నమూనా సర్వే) ప్రకారం రాష్ట్రంలో వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లో ఉన్నాయి, సగటు అప్పు 2,45,554 రూపాయలు. దేశం మొత్తానికి చూస్తే అప్పున్న కుటుంబాలు 50.2 శాతం, సగటు 74,121. అంకెలు నిజమే. వాటితో ఏం అడగాలన్నదే తేలలేదు.

నేనొక్కదాన్నే ఉంటే "కొంచెం నారో చెయ్యమ్మా" అని పంపేసేదాన్నేమో. గైడ్‌లు అందరూ చెప్పే మాట అది, ఎవరికీ అర్థంకాని మాట కూడా. కమిటీలో ఏం జరిగిందంటే, విషయం తెలిసిన సభ్యుడు ఒకే ప్రశ్న వేశారు: "2011లో చట్టం తెచ్చి రుణ అర్హత కార్డులన్నారు. 2019లో ఇంకో చట్టం తెచ్చి పంట సాగుదారు హక్కు పత్రం అన్నారు. కార్డు చేతికొచ్చినవాడికి బ్యాంకు అప్పు ఇచ్చిందా?" దాంతో రాష్ట్రం పోయి రెండు మండలాలు మిగిలాయి, సమస్యలు పోయి ఒక ప్రశ్న మిగిలింది.

అప్పుడు స్టాటిస్టిక్స్ మేడం అందుకున్నారు. హక్కు పత్రానికి ఆధారం 11 నెలల ఒప్పందం. దాని మీద భూమి యజమాని సంతకం కావాలి. సంతకం ఎవరికి పెడతారు? నమ్మకం ఉన్నవాడికి, చుట్టానికి. అలాంటివాడికి కార్డు లేకపోయినా ఎక్కడో ఒకచోట అప్పు పుట్టేదేమో. కాబట్టి కార్డు ఉన్నవాళ్లని ఒక పక్క, లేనివాళ్లని ఒక పక్క పెట్టి సగటు తీసి, తేడా అంతా కార్డు వల్లే అనేస్తే తప్పు. యజమానితో బంధుత్వం, ఎన్నేళ్లుగా అదే పొలం చేస్తున్నాడు, సొంత భూమి ఏమైనా ఉందా అన్నవి ప్రశ్నావళిలో మొదటి నుంచీ ఉండాలి. ఫీల్డ్ నుంచి వచ్చేశాక గుర్తొస్తే మళ్లీ ఆ ఊరికి వెళ్లాల్సిందే.

నా వంతు ఊరి సంగతులు. యజమాని అరుగు మీద కూర్చోబెట్టి అప్పు ఎంత అని అడిగితే నిజం రాదు. అడగాల్సింది పొలం గట్టు మీదో, వాళ్లింటి దగ్గరో. వడ్డీ శాతాల్లో అడిగితే ఎవరూ చెప్పరు. "నూటికి రెండు రూపాయలు" అంటారు, అంటే నెలకు. ఏడాదికి 24 శాతం అని రాసుకోవాల్సింది మనం. మక్తా, అంటే కౌలు, డబ్బుగా చెప్పేవాళ్లు కొందరు, ఎకరాకి ఇన్ని బస్తాలని చెప్పేవాళ్లు కొందరు. బస్తా అంటే 75 కిలోల ధాన్యమని ఆ అమ్మాయికి తెలుసు, కానీ థీసిస్ చదివే బయటి ఎగ్జామినర్‌కి తెలియదు, రాయాలి. ఇంకోటి: పొలం పని సగం ఆడవాళ్లు చేస్తున్నా కౌలు మాట మగవాళ్ల పేరు మీదే నడుస్తుంది. "కౌలుదారు ఎవరు?" అని అడిగితే ఇంట్లో ఆమె లెక్కలోకే రాదు. ప్రశ్న మార్చాలి.

ఈ మూడూ ఒక్క మనిషి దగ్గర దొరకవు. నా దగ్గరైతే దొరకవు. ఇంత ఉపయోగపడ్డ ఆ మీటింగ్‌లో టాపిక్ ఖరారైన సంగతి ఒక్క లైన్‌లో రాసి ఊరుకోలేదు. ఎవరు ఏ సలహా ఇచ్చారో పేర్లతో మినిట్స్‌లో రాశాం. తర్వాత ప్రశ్నావళి తయారైనప్పుడు ఆ అమ్మాయి మినిట్స్ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటి టిక్ పెట్టుకుంది.

మీది కెమిస్ట్రీ అయినా, తెలుగు అయినా ఈ పద్ధతి పనికొస్తుంది. ప్రపోజల్ దశలో కమిటీని ఒకసారి కాదు, రెండుసార్లు కూర్చోబెట్టండి. మొదటిసారి ప్రశ్న కోసం, రెండోసారి పద్ధతి కోసం. రెండూ ఒకే పూటలో పెడితే పద్ధతి దగ్గరికి వచ్చేసరికి భోజనాల వేళ అవుతుంది.

సెమిస్టర్ మీటింగ్

ప్రతి సెమిస్టర్ స్కాలర్ కమిటీ ముందు ప్రెజెంటేషన్ ఇవ్వాలి, చిన్న ప్రోగ్రెస్ రిపోర్ట్ ఇవ్వాలి. కమిటీ సిఫార్సులు యూనివర్సిటీకి వెళ్లాలి, ఒక కాపీ స్కాలర్‌కి ఇవ్వాలి. ఈ ఆఖరిది చాలాచోట్ల జరగదు. ఫైల్లో "ప్రోగ్రెస్ సంతృప్తికరం" అని రాసి సంతకాలు పెట్టి బీరువాలో పెడతారు. ఆ మాట ఎవరికి పనికొస్తుంది? మూడేళ్ల తర్వాత "నీ పని ఏమీ కదలలేదు" అని మీరు అంటే, ఆరు సంతృప్తికరాలు చూపించి స్కాలర్ మిమ్మల్నే నిలదీస్తాడు. అది అతని తప్పు కాదు.

నేను చేసే విధానం ఇది. రిపోర్ట్ వారం ముందు సభ్యులకి వెళుతుంది, మూడు పేజీలకు మించకుండా: గత మీటింగ్‌లో చేయమన్నవి, చేసినవి, చేయలేకపోయినవి, ఎందుకు చేయలేకపోయారో. మీటింగ్‌లో స్కాలర్ మాట్లాడేది ఇరవై నిమిషాలు. గైడ్ మాట్లాడకూడదు. ఇది కష్టం, నాకు ఇప్పటికీ కష్టమే. ప్రశ్న స్కాలర్‌ని అడిగితే జవాబు గైడ్ చెప్పేస్తుంటారు, ప్రేమతోనే. నోరు కట్టేసుకుని మినిట్స్ రాస్తూ కూర్చోండి.

చివర్లో ఒక పది నిమిషాలు మీరు బయటికి వెళ్లిపోండి. స్కాలర్, మిగతా సభ్యులు మాత్రమే ఉండాలి. "మీ మేడం డ్రాఫ్ట్‌లు టైముకి చూస్తున్నారా? ఇంకేమైనా ఇబ్బందా?" అని వాళ్లు అడగాలి. నిబంధనల్లో ఇది ఎక్కడా లేదు, ఎవరూ ఆపరు కూడా. మొదట్లో పిల్లలు ఏమీ చెప్పరు. రెండు మూడు సెమిస్టర్లు గడిచాక చెబుతారు. నా గురించి కూడా చెప్పారు, నేను రాసే కామెంట్లు చదవడానికి రావడం లేదని. అప్పటి నుంచి టైప్ చేసి ఇస్తున్నాను.

పని నిజంగా బాగోకపోతే అదే రాయండి, కారణాలతో, ఏం చేస్తే సరవుతుందో కూడా రాయండి. నిబంధన కోరేది అదే. సవరించుకోమన్నవి కూడా చేయకపోతేనే రిజిస్ట్రేషన్ రద్దుకు సిఫార్సు చేసే అధికారం కమిటీకి ఉంది. మొదటి చేదు మాట చెప్పాల్సింది రెండో సెమిస్టర్‌లో. ఐదో ఏడాది చెబితే అది మార్గదర్శనం కాదు, పగ తీర్చుకున్నట్టు కనిపిస్తుంది.

పార్ట్‌టైమ్ స్కాలర్లు ఎక్కువగా డిగ్రీ కాలేజీ లెక్చరర్లే. వాళ్లకు రెండో శనివారం మీటింగ్ పెట్టండి. సెలవు కోసం ప్రిన్సిపాల్‌ని బతిమాలుకోవాల్సిన పని తప్పుతుంది.

రాయించడం

తెలుగు మీడియంలో చదివి వచ్చిన స్కాలర్ ఇంగ్లిష్ చాప్టర్ రాసి తెస్తాడు. మీరు ఎర్ర పెన్నుతో వాక్యం వాక్యం తిరగరాస్తారు. ఆ చాప్టర్ బాగుపడుతుంది, తర్వాతి చాప్టర్ మళ్లీ మొదటికే వస్తుంది. దానికి బదులు, "ఈ చాప్టర్‌లో ఏం చెబుతున్నావో తెలుగులో నాకు చెప్పు" అనండి. చెప్పగలిగితే సమస్య భాషది. రెండు పేజీలు మాత్రం పూర్తిగా దిద్ది, మిగతావి ఆ దారిలో తననే దిద్దుకోమనండి. తెలుగులోనూ చెప్పలేకపోతే సమస్య ఆలోచనది, వ్యాకరణం దిద్ది లాభం లేదు. అప్పుడు కమిటీలో ఇంకొకరి దగ్గరికి పంపి వాళ్లకు చెప్పమనండి. మీకు చెప్పలేనిది వాళ్లకు చెప్పగలగడం తరచూ జరుగుతుంది.

తెలుగులోనే థీసిస్ రాస్తున్నవాళ్లు మొదటి రోజు నుంచే యూనికోడ్‌లో టైప్ చేయాలి. డీటీపీ వాళ్లు యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టి ఇచ్చిన ఫైల్‌ని సాఫ్ట్‌వేర్ చదివితే తెలుగు రాదు, పిచ్చి గుర్తులు వస్తాయి. ఆఖరి నెలలో మూడు వందల పేజీలు మార్పించుకునేసరికి ఒత్తులు, సున్నాలు ఎగిరిపోయి మళ్లీ ప్రూఫులు చూడాలి. రిఫరెన్సులు దాచి వరస పెట్టే జొటేరో సాఫ్ట్‌వేర్ ఉచితం, మొదటి సెమిస్టర్‌లోనే నేర్పించండి. జర్నల్స్ కోసం మన లైబ్రేరియన్‌ని కలవమనండి. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకం కింద ప్రభుత్వ సంస్థలకు వేల జర్నల్స్ అందుబాటులోకి వచ్చాయి. లాగిన్ ఎలా తీసుకోవాలో తెలియక దొంగ సైట్లు వెతుకుతున్న స్కాలర్లు ఇంకా ఉన్నారు.

డబ్బు, ఇల్లు, ఒంట్లో బాగోకపోవడం

గైడ్‌లు ఇవి తమ పని కాదనుకుంటారు. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ఇప్పుడు నెలకు 37,000 రూపాయలు, ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 42,000. 2023 జనవరి నుంచి ఈ రేట్లు. నెలనెలా యూనివర్సిటీ నుంచి పోర్టల్‌లో కన్ఫర్మేషన్ వెళ్లాలి, లేకపోతే డబ్బు రాదు. మీ సంతకం కోసం ఫారం మీ టేబుల్ మీద పడి ఉందంటే ఎవరిదో హాస్టల్ మెస్ బిల్లు ఆగి ఉందని అర్థం. ఫెలోషిప్ కాగితాలు మాత్రం వచ్చిన రోజే సంతకం పెట్టండి. రెండేళ్లు నిండగానే ఎస్ఆర్ఎఫ్ అప్‌గ్రేడేషన్ కమిటీ కూర్చోవాలి. తేదీ స్కాలర్ కన్నా ముందు మీ క్యాలెండర్‌లో ఉండాలి. ఫెలోషిప్ లేని స్కాలర్ సాయంత్రాలు కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పుకుంటూ బతుకుతుంటే, ఆ సంగతి కమిటీకి తెలిసి ఉండాలి. లేకపోతే "సాయంత్రం పూట డిపార్ట్‌మెంట్‌లో కనిపించడే" అని ఎవరో ఒకరు రాసేస్తారు.

గడువులు కూడా తెలుసుకోండి. కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు. మహిళలకి, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి దాని మీద మరో రెండేళ్లు, మొత్తం పదేళ్లకు మించకుండా. మొత్తం కాలంలో 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇవ్వొచ్చు. పెళ్లై వేరే ఊరు వెళ్లాల్సి వస్తే, ప్రాజెక్ట్ నిధులతో చేసిన పని కానప్పుడు, డేటాతో సహా అక్కడి సంస్థకి మారే వీలు మహిళా స్కాలర్లకు ఉంది. పాత సంస్థకి, పాత గైడ్‌కి దక్కాల్సిన గుర్తింపు ఇస్తే చాలు. పెళ్లి కుదిరిందని చెప్పడానికి భయపడుతూ వచ్చిన అమ్మాయికి "అయితే నీ పీహెచ్‌డీ అయిపోయినట్టే" అనడం కాదు, ఈ క్లాజు చూపించి కమిటీ మీటింగ్ పెట్టాలి.

మీ సంగతీ చూసుకోండి. రిటైర్మెంట్‌కి మూడేళ్ల కన్నా తక్కువ ఉంటే కొత్త స్కాలర్‌ని తీసుకోకూడదు. ఉన్నవాళ్లకు రిటైరయ్యేవరకు గైడ్‌గా, తర్వాత 70 ఏళ్లు వచ్చేవరకు కో-గైడ్‌గా ఉండొచ్చు. అప్పుడు గైడ్ ఎవరన్నది మీరు రిటైరయ్యే నెలలో వెతుక్కోకండి. కమిటీలో ఉన్నవాళ్లలో ఒకరిని ఏడాది ముందే సిద్ధం చేస్తే ఆ స్కాలర్ పని వాళ్లకు అప్పటికే తెలిసి ఉంటుంది.

స్కాలర్ నెల రోజులుగా మెసేజ్‌కి జవాబివ్వకపోతే బద్ధకం అనుకునే ముందు ఫోన్ చేయండి. మీరు చేస్తే భయపడతాడనిపిస్తే కమిటీలో ఇంకొకరిచేత చేయించండి. మనం డాక్టర్లం కాదు, ఆ పాత్ర వేయొద్దు. 14416 ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబర్, రోజంతా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. యూనివర్సిటీ కౌన్సెలర్ ఉంటే వారి గది ఎక్కడుందో కూడా చెప్పి ఉంచండి.

గైడ్‌తోనే తేడా వస్తే? మొదట కమిటీ సభ్యులు, తర్వాత హెడ్, తర్వాత విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ, అక్కడా తేలకపోతే విద్యార్థుల ఫిర్యాదులు తేల్చడానికి నియమించిన అంబుడ్స్‌పర్సన్. లైంగిక వేధింపు అయితే వీటిలో దేనితోనూ పని లేదు, నేరుగా అంతర్గత ఫిర్యాదుల కమిటీకి. ఈ వరస మీ స్కాలర్‌కి మీరే చెప్పాలి, చేరిన మొదటి నెలలో. వింతగా ఉంటుంది, అయినా చెప్పండి.

చివరి ఏడాది

ఆఖరి డ్రాఫ్ట్ చేతికి రాకముందే ఎగ్జామినర్ల ప్యానెల్ పేర్లు ఆలోచించి పెట్టుకోండి. యూనివర్సిటీ ఉద్యోగులు కాని కనీసం ఇద్దరు బయటివాళ్లు థీసిస్ చదవాలి. ప్యానెల్‌లో ఒకరు చదవలేనని తిప్పి పంపడానికి మూడు నెలలు తీసుకుంటే ఆ మూడు నెలలూ పిల్లలవే పోతాయి. సమర్పణ నుంచి మొత్తం మూల్యాంకనం ఆరు నెలల్లో అయిపోవాలని నిబంధన. అవ్వాలంటే రీసెర్చ్ సెక్షన్‌కి వెళ్లి అడగాల్సింది గైడే. స్కాలర్ వెళితే "ప్రాసెస్‌లో ఉంది" అంటారు.

సిమిలారిటీ, అంటే థీసిస్‌లో వేరేచోటి రాతలతో కలిసే భాగం, 10 శాతం లోపు ఉంటే ఇబ్బంది లేదు. 10 నుంచి 40 మధ్య వస్తే సవరించి ఆరు నెలల లోపు మళ్లీ ఇవ్వాలి, 40 నుంచి 60 అయితే ఏడాది పాటు ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. అయితే రిపోర్ట్‌లో కనిపించిన అంకె చూసి కంగారు పడొద్దు. గ్రంథసూచి, మూలం చెప్పి ఉదహరించినవి, చట్టాల పాఠాలు ఈ లెక్కలోకి రావు. ఎక్కడ ఏది కలిసిందో స్కాలర్‌తో కూర్చుని చూడండి. మెషీన్‌ని మోసం చేయడానికి మాటలు అటూ ఇటూ మార్పించకండి. "మక్తా" తీసేసి ఇంకేదో పెడితే అర్థం మారుతుంది, పని చెడుతుంది.

ప్రీ-సబ్మిషన్ ప్రెజెంటేషన్ కమిటీ ముందు, కానీ డిపార్ట్‌మెంట్‌లో అందరికీ ప్రవేశం ఉంటుంది. అక్కడ వచ్చిన సూచనల్లో ఏవి తీసుకోవాలో, ఏవి వదిలేయాలో ఆ సాయంత్రమే కమిటీ తేల్చాలి. స్కాలర్‌కి వదిలేస్తే అన్నీ చేయాలని కూర్చుని ఆరు నెలలు అదనంగా తీసుకుంటారు. వైవాకి ముందు ఒకసారి ఉత్తుత్తి వైవా పెట్టండి, మీతో ఎప్పుడూ ఏకీభవించని ఆ సభ్యుణ్ణి ఎగ్జామినర్ కుర్చీలో కూర్చోబెట్టి. అసలు వైవాలో ఎవరేం అడిగారో స్కాలర్‌కి గుర్తుండదు, చేతులు వణుకుతుంటాయి. కో-గైడ్‌ని నోట్సు రాసుకోమనండి.

ఆ తర్వాత థీసిస్ సాఫ్ట్ కాపీ దేశంలోని థీసిస్‌లు ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లోకి వెళ్లేలా, యూజీసీ నిబంధనల ప్రకారం పట్టా ఇస్తున్నామనే మాటతో ప్రొవిజనల్ సర్టిఫికెట్ వచ్చేలా చూడండి. అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకు దరఖాస్తు పెట్టేటప్పుడు మొదట అడిగేది అదే. దాని జిరాక్స్ ఒకటి మీ ఫైల్లో కూడా ఉంచుకోండి; ఏదో ఇంటర్వ్యూకి ముందు రోజు రాత్రి మీకు ఫోన్ వస్తుంది.